కంప్యూటరునకు చిరునామా దొరకనప్పుడు

ఉత్తరము నెంత చక్కగా వ్రాసినను, కవరుమీద చిరునామా లేనియెడల నది చేరవలసినచోటికి చేరదు. వ్రాసినవాడు తన చిరునామా తెలుపనియెడల జవాబును రాదు. టపా విషయములో మన మెరిగిన యీ సంగతి కంప్యూటర్ల విషయములోను సత్యమే. ఇంటర్నెట్టుతో మాటలాడవలసిన ప్రతి కంప్యూటరునకు నొక చిరునామా యుండవలెను. అది లేనియెడల యంత్ర మెంత విలువగలదైనను, తీగ యెంత క్రొత్తదైనను ప్రయోజనము లేదు. ఆ చిరునామా యెట్లు వచ్చును, రానప్పు డేమేమి చూడవలెను, ఏ వరుసలో చూడవలెను అను విషయములను మా విద్యార్థులకు తెలియజేయుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇది వ్రాయుటకు కారణమైన సంగతిని ముందుగా చెప్పుట న్యాయము. గడచిన విద్యాసంవత్సరములో నొకనాడు మా పాఠశాల కంప్యూటరు గదిలో నొక చిక్కు కలిగెను. ఆ గదిలో 12 కంప్యూటర్లు కలవు. అన్నింటియందును లినక్సు నడచుచున్నది. ఉపకారవేతనపు పరీక్షకు దరఖాస్తులు పంపుట కానాడే కడపటి దినము. ఎనిమిదవ తరగతి పిల్లలు 14 మంది తమ తమ ధ్రువపత్రములు చేతబట్టుకొని ప్రాతఃకాలమే వచ్చి కూర్చుండిరి. వారిలో ననేకుల తలిదండ్రులు కూలిపనులు చేసికొనువారు. ఆ వేతనము వచ్చుటయో రాకపోవుటయో కొందరి చదువు సాగుటకు నాగుటకు గూడ కారణమగును. అట్టి దినమున 12 యంత్రములలో నైదు మాత్రమే పనిచేయుచుండెను. మేము తొందరపడి యన్నింటిని ఆపి మరల నడిపించితిమి. అంతట రెండే మిగిలెను. మరియొకసారి యట్లే చేయగా ముందు పనిచేసినవి చెడి, చెడిపోయినవానిలో నొకటి బాగుపడెను.

అంతకు ముందుదినమున నొక బాలుడు నల్లని తెరమీద నేవో యాజ్ఞలు వ్రాయుచుండగా మేము చూచియుంటిమి. ఆ సంగతి జ్ఞాపకమునకు వచ్చి, వాడే యేదియో పాడుచేసెనని నిశ్చయించుకొని, పదిమంది యెదుట మందలించి గదినుండి వెలుపలికి పంపివేసితిమి. వాడును దరఖాస్తు పెట్టవలసినవారిలో నొకడే. తప్పెవరిదో యీ వ్యాసము చివర తెలియగలదు. ముందుగా శాస్త్రమును తెలిసికొందము.

1. చిరునామా యనగా నేమి?

ఇప్పటికిని మన పాఠశాలలలోను గృహములలోను విశేషముగా వాడబడుచున్న చిరునామాకు ఐపీ నాలుగవ కూర్పు అని పేరు. దీని నియమములు 1981వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ప్రకటింపబడెను. ఇది 32 బిట్లుగల సంఖ్య. చదువుటకు సులువుగా నుండుటకై దానిని నాలుగు భాగములు చేసి, నడుమ చుక్కలుంచి 192.168.1.57 అను రీతిని వ్రాయుదురు. ఒక్కొక్క భాగము 0 మొదలు 255 వరకు నుండవచ్చును. ఈ లెక్కచొప్పున మొత్తము చిరునామాలు 429 కోట్లకు పైగా నగును. ఇన్ని యుండియు లోకమునకు చాలలేదు. పంచిపెట్టుటకు మిగిలియున్న కడపటి పెద్ద భాగములను ప్రపంచములోని యైదు ప్రాంతీయ సంస్థలకు 2011వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన నిచ్చివేసిరి. 128 బిట్లుగల ఆరవ కూర్పు వ్యాపించుటకు నిదియే ముఖ్యకారణము.

ఈ కొరతచేతనే యిండ్లలోపలను పాఠశాలలలోపలను వాడుకొనుటకు కొన్ని వరుసలను ప్రత్యేకించిరి. 10తో ప్రారంభమగునవి, 172.16 మొదలు 172.31 వరకు గలవి, 192.168తో ప్రారంభమగునవి యట్టివి. ఇవి మన పిల్లలకు బడిలో నిచ్చు వరుససంఖ్యల వంటివి. మా తరగతిలో 7వ నంబరు బాలుడున్నట్లే ప్రక్కయూరి బడిలోను 7వ నంబరు బాలుడుండును. దానివలన నెవరికిని చిక్కులేదు. కాని యొకే తరగతిలో నిద్దరు 7వ నంబరువారుండిన హాజరుపట్టీ తారుమారగును.

చిరునామాతోబాటు మరి మూడు సంగతులు కంప్యూటరునకు తెలియవలెను. మొదటిది మాస్కు. చిరునామాలో నెంతభాగము మన వీధిని తెలుపునో, ఎంతభాగము మన యింటిని తెలుపునో దానివలన తెలియును. రెండవది గేట్‌వే, అనగా నావరణములోనుండి వెలుపలికి పోవు వాకిలి. మూడవది పేరులను సంఖ్యలుగా మార్చి చెప్పు డీఎన్ఎస్ సర్వరు. ఈ నాల్గింటిలో నేది తప్పినను పని నిలిచిపోవును. నాల్గును సరిగా నున్నవా యని చూచుటయే మన పరీక్షయంతయు.

2. చిరునామా నెవ రిత్తురు?

పూర్వము ప్రతి యంత్రమునకు నొక మనిషి కూర్చుండి చిరునామాను చేతితో వ్రాయవలసియుండెను. 1985లో బూట్‌పీ అను పద్ధతి వచ్చెను. అందు యంత్రము తనంతట తాను అడుగును గాని, ఏ యంత్రమున కే చిరునామాయో ముందుగానే పట్టికలో వ్రాసియుంచవలెను. 1993లో దీనిని వృద్ధిపరచి డీహెచ్‌సీపీ అను పద్ధతిని ప్రకటించిరి. నేటికిని మూలముగా నున్న దాని నిబంధనలు 1997 మార్చిలో రాల్ఫ్ డ్రోమ్స్ అను నాతని పేర వెలువడెను. దీని విశేషమేమన, చిరునామాను శాశ్వతముగా నీయక కౌలున కిచ్చును. గడువు తీరినపిమ్మట వాడుకొననివారి చిరునామా మరియొకరికి దక్కును.

మన బోర్డింగులో క్రొత్త విద్యార్థికి మంచమిచ్చు విధమును తలచుకొనినయెడల దీని నడక తేటపడును. ఇందు నాలుగు మాటలు జరుగును.

మొదట కంప్యూటరు తన కింకను చిరునామా లేదు గనుక 0.0.0.0 అని చెప్పుకొని, వినగలిగిన యందరికిని, "ఇచ్చట చిరునామా లిచ్చువారెవరైన నున్నారా?" అని కేకవేయును. దీనికి డిస్కవర్ అని పేరు. రెండవది, చిరునామాల నిచ్చు సర్వరు, "ఇదిగో, 192.168.1.57 ఖాళీగా నున్నది" అని చెప్పును. ఇది ఆఫర్. మూడవది, "అదియే నా కిమ్ము" అని కంప్యూటరు కోరును. ఇది రిక్వెస్ట్. నాల్గవది, "సరే, ఇన్ని గంటలు నీదే" అని సర్వరు పట్టికలో వ్రాసికొని యొప్పుకొనును. ఇది అక్‌నాలెడ్జ్. ఈ మాటలకై సర్వరు 67వ ద్వారమునందును కంప్యూటరు 68వ ద్వారమునందును వినుచుండును.

ఇందొక సంగతిని విద్యార్థులు గట్టిగా గుర్తుంచుకొనవలెను. మొదటి కేక యందరికిని వినబడును. జవాబు చెప్పినవాడు నిజమైన వార్డెనా, దారిని బోవువాడా యని విచారించు శక్తి కంప్యూటరునకు లేదు. సాధారణముగా నెవరు ముందు పలికిన వారి మాటనే స్వీకరించును. మా కథకు మూల మిందే యున్నది.

కౌలు గడువులో సగము గడచినపుడు కంప్యూటరు తన సర్వరునే యడిగి గడువును పొడిగించుకొనును. జవాబు రానియెడల నూటికి 87న్నర పాళ్లు గడచినపుడు మరల నందరిని అడుగును. ఒకరోజు గడువైనచో 12వ గంటను మొదటి ప్రయత్నము, 21వ గంటను రెండవ ప్రయత్నము జరుగును. అందుచేత సర్వరు ప్రొద్దుట చెడిపోయినను కొన్ని కంప్యూటర్లు సాయంకాలమువరకు చక్కగా పనిచేయుచుండును. "దీనికి వచ్చుచున్నది, దానికి రాలేదు, కాబట్టి సర్వరు మంచిదే" యని వెంటనే తీర్మానింపరాదు.

3. పరీక్షించు క్రమము

వైద్యుడు నాడి చూడకయే మందీయడు. అట్లే మనమును క్రింది మెట్టునుండి పైమెట్టునకు వరుసగా పోవలెను. 1991లో ఫిన్లండుదేశపు విద్యార్థియగు లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సులో నున్న గొప్ప సౌకర్యమేమన, అది తన స్థితిని దాచుకొనదు. అడుగ నేర్చినవారికి జవాబు చెప్పును. ఇచ్చట తెనుగులిపిలో వ్రాసిన యాజ్ఞలను టెర్మినలునందు ఇంగ్లీషు చిన్నయక్షరములతో వ్రాయవలయును.

మొదటి మెట్టు: తీగ. "ఐపీ లింక్ షో" అని వ్రాసిన, యంత్రమునకు గల నెట్‌వర్కు ద్వారము లన్నియు కనబడును. ఎల్‌ఓ యను పేరుగలది యంత్రము తనతో తాను మాటలాడుకొనునది, దానిని విడువవలెను. తీగకు సంబంధించినదాని పేరు ఇంగ్లీషు ఈ యక్షరముతోను, గాలిద్వారా పనిచేయుదాని పేరు డబ్ల్యూ యక్షరముతోను సాధారణముగా ప్రారంభమగును. అచ్చట "నో క్యారియర్" అని యున్న, తీగ యూడియున్నదనియో, తెగినదనియో, అవతలి స్విచ్చిలో కరెంటు లేదనియో యర్థము. "లోయర్ అప్" అని యున్న తీగ బాగున్నది. "డౌన్" అని మాత్రముండి "నో క్యారియర్" లేనిచో ఆ ద్వారము మూయబడియుండవచ్చును, తెరువవలెను. వైఫై విషయమైన "ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్" అను నాజ్ఞవలన నది మూయబడినదో లేదో తెలియును. చిరునామా లేదని చెప్పబడు చిక్కులలో ననేకము లీ మొదటి మెట్టుననే తీరిపోవును. కాబట్టి వంగి తీగ చూచుటకు సిగ్గుపడరాదు.

రెండవ మెట్టు: చిరునామా. "ఐపీ అడ్రెస్ షో" అని వ్రాయవలెను. "ఐనెట్" అను మాట ప్రక్కన నున్న సంఖ్యయే మన చిరునామా. ఇచ్చట మూడు విధములు కలుగును. అచ్చట నేమియు లేనియెడల కంప్యూటరు అడుగనేలేదు, లేక అడిగినను జవాబు రాలేదు. 169.254తో ప్రారంభమగు సంఖ్య యున్నయెడల జవాబు రానందున కంప్యూటరు తనకు తానే యొక తాత్కాలికపు సంఖ్యను పెట్టుకొన్నదని తెలియవలెను. దానితో ప్రక్క యంత్రముతో మాటలాడవచ్చునేమో గాని గేటు దాటి పోలేము. మూడవది, మామూలు సంఖ్యయే యుండి పని జరుగకుండుట. ఇదియే మిక్కిలి మోసకరమైనది. ఆరవ కూర్పునకు చెందిన "ఎఫ్‌ఈ80" తో ప్రారంభమగు నొక పొడుగుపాటి చిరునామా తీగ బాగున్న ప్రతి యంత్రమునందును దాదాపు కనబడును. దానిని చూచి, చిరునామా వచ్చినదని సంతోషపడరాదు. అదియు నావరణము లోపలిదే.

మూడవ మెట్టు: కంప్యూటరు అడుగుచున్నదా? "ఎన్ఎంసీఎల్ఐ డివైస్ స్టేటస్" అను నాజ్ఞ దీనిని తెలుపును. "అన్‌మేనేజ్డ్" అని యున్నయెడల నెట్‌వర్క్ మేనేజరు ఆ ద్వారమును తన పనిగా నెంచుటలేదు. మరియొక పరిచారకుడు చూచుకొనుచుండవచ్చును. ఒకే ద్వారమునకు నిద్దరు పరిచారకులుండుట కూడ చిక్కునకు దారితీయును. ఒకడు పెట్టిన చిరునామాను మరియొకడు తీసివేయును. ఎవరో పూర్వము చేతితో స్థిరమైన చిరునామా వ్రాసి మరచిపోయియున్న, యంత్రము అడుగనే యడుగదు. అట్టిచో సెట్టింగులలో "మాన్యువల్" అనుదానిని "ఆటోమేటిక్" అని మార్చవలెను.

నాల్గవ మెట్టు: జవాబు వచ్చుచున్నదా? లినక్సు తాను చేసిన ప్రతి పనిని దినచర్యలో వ్రాసికొనును. "జర్నల్‌సీటీఎల్" అను నాజ్ఞతో దానిని చదువవచ్చును. అడిగినట్లును గడువు ముగిసినట్లును పదేపదే వ్రాసియున్నయెడల దోషము మన యంత్రములో నున్నదనుకొనుటకంటె అవతలనున్నదని తలచుట మేలు. అధికారముగలవారు "టీసీపీ డంప్" అను పనిముట్టుతో 67, 68 ద్వారముల సంభాషణను ప్రత్యక్షముగా వినవచ్చును. డిస్కవర్ పోవుచు ఆఫర్ రానియెడల సర్వరు నిద్రించుచున్నదనియో, నడుమ స్విచ్చి యేదియో అడ్డగించుచున్నదనియో, సర్వరువద్ద చిరునామా లయిపోయినవనియో యర్థము.

ఈ కడపటి కారణము బడులలో తరచుగా కలుగును. సర్వరు 192.168.1.50 మొదలు 192.168.1.150 వరకు నిచ్చునట్లు నియమించియున్న నవి 101 చిరునామాలే. కంప్యూటర్లు 12 అయినను, ఉపాధ్యాయుల సెల్‌ఫోనులు, సభకు వచ్చిన యతిథుల సెల్‌ఫోనులు వైఫైలో చేరినపుడు తలకొకటి తీసికొనును. కొన్ని ఫోనులు తమ నిజమైన మ్యాక్ సంఖ్యను దాచి మారుసంఖ్యతో వచ్చును గనుక ఒకే ఫోను కాలక్రమమున రెండుమూడు మంచముల నాక్రమించుటయు కలదు. మనిషి యింటికి పోయినను కౌలు గడువు తీరువరకు మంచము వానిపేరనే యుండును. గడువును తగ్గించుటయో, వరుసను పెంచుటయో యిందులకు చికిత్స.

ఐదవ మెట్టు: ఒక చిరునామాను ఇద్దరు వాడుచున్నారా? ముద్రణయంత్రమునకు చేతితో 192.168.1.60 అని వ్రాసి, ఆ సంఖ్యను సర్వరు పంచిపెట్టు వరుసలోనే యుంచినయెడల, ఏదియో యొకనాడు సర్వరు దానినే మరియొకరికి నిచ్చును. అప్పుడు రెండు యంత్రములును వచ్చిపోవుచుండును. స్థిరమైన చిరునామాలను పంచు వరుసకు వెలుపలనే యుంచవలెను. లేదా ఈ మ్యాక్ సంఖ్యగలదానికి నీ చిరునామాయే యిమ్మని సర్వరులో వ్రాసియుంచవలెను. లినక్సునందు మరియొక విచిత్రము కలదు. ఒక కంప్యూటరు డిస్కును నకలుతీసి పది కంప్యూటర్లలో నుంచినయెడల, ఈటీసీ యను సంచయములోని "మెషీన్ ఐడీ" యను గుర్తును పదింటికి నొకటే యగును. కొన్ని లినక్సులు చిరునామా నడుగునపుడు మ్యాక్ సంఖ్యనుగాక యీ గుర్తునుబట్టి తమ పేరు చెప్పుకొనును. అంతట సర్వరు, "వీరందరు నొక్కరే" యని భ్రమించి, అందరికిని ఒకే చిరునామా నిచ్చును. నకళ్లయందు ఆ గుర్తును తుడిచి క్రొత్తది పుట్టించిన చిక్కు తీరును.

ఆరవ మెట్టు: వాకిలి సరియైనదా? "ఐపీ రూట్ షో" అని వ్రాసిన "డిఫాల్ట్ వయా" యను మాటల తరువాత గేట్‌వే చిరునామా కనబడును. "పింగ్" అను నాజ్ఞతో దానిని పిలిచి చూడవలెను. అది పలికి, వెలుపలి సంఖ్యలును పలికి, పేరులు మాత్రము పలుకనియెడల దోషము డీఎన్ఎస్‌లో నున్నది; చిరునామాలో లేదు. గేట్‌వేయే పలుకనియెడల మరల మొదటి మెట్టునకు పోవలెను. గేట్‌వే పలుకుచు వెలుపలిది పలుకనియెడల, ఆ గేట్‌వే మనదేనా యని తప్పక విచారింపవలెను.

4. ఆనాడు మేము కనుగొన్నది

ఈ ఆరు మెట్లను మే మానాటి యుదయమున వరుసగా నెక్కియున్నయెడల పదినిమిషములలో పని ముగిసియుండును. కాని మేము యంత్రముల నాపుటయు మరల నడుపుటయు, పిల్లలను కసరుటయు, తీగలను లాగుటయు తప్ప మరేమియు చేయక మధ్యాహ్నము మూడుగంటలవరకు కాలము పోగొట్టితిమి. పిల్లలలో ననేకు లన్నమునకు గూడ లేవలేదు. అప్పుడు మాత్రమే యొక కాగితము తీసికొని, 12 యంత్రములయందును "ఐపీ అడ్రెస్ షో" అని వ్రాసి, వచ్చిన సంఖ్యలను వరుసగా వ్రాసికొంటిమి.

వ్రాసినంతనే సంగతి బయటపడెను. పనిచేయుచున్న రెండింటి చిరునామాలును 192.168.1తో ప్రారంభమగుచున్నవి. పనిచేయని పదింటివి 192.168.0తో ప్రారంభమగుచున్నవి. మా పాఠశాలలో 192.168.0 అను వరుసయే లేదు. గేట్‌వేను చూడగా 192.168.0.1 అని యుండెను. పింగ్ చేయగా నది చక్కగా పలికెను. అనగా మా వార్డెనుగాక వేరొకడెవడో గేటువద్ద నిలువబడి, వచ్చినవారికి మంచములు పంచుచున్నాడు. వాని వాకిలి వెనుక వీధిలేదు, గోడయే కలదు. ఆపి నడిపిన ప్రతిసారియు నెవరి జవాబు ముందు వచ్చునో దానినిబట్టి యంత్రము బాగుపడుటయో చెడుటయో జరుగుచుండెను. మేము మందనుకొనినదియే చీట్లాట యయ్యెను.

"ఐపీ నైబర్ షో" అను నాజ్ఞతో ఆ గేట్‌వే మ్యాక్ సంఖ్యను తెలిసికొని, స్విచ్చినుండి తీగల నొక్కొక్కటిగా తీయుచు పింగును చూచుచుంటిమి. ఉపాధ్యాయుల గదికి పోవు తీగను తీసినంతనే పింగు నిలిచిపోయెను. ఆ గదిలోనికి పోయి చూడగా బీరువామీద నొక చిన్న వైఫై రౌటరు దీపములు మిణుకుమిణుకుమనుచు కూర్చుండియుండెను.

దానిని చూచినంతనే మా నోట మాట రాలేదు. ఆ రౌటరు మాదే. ముందుదినపు సాయంకాలమున, ఉపాధ్యాయుల గదిలో వైఫై సరిగా నందుటలేదని, ఇంటిలో వాడక పడియున్న రౌటరును మేమే తెచ్చి తగిలించితిమి. ఇంటర్నెట్టు తీగను వాన్ అని వ్రాసియున్న రంధ్రమున పెట్టుటకు మారుగా ప్రక్కనున్న లాన్ రంధ్రమున పెట్టితిమి. అందుచేత నది తనలోని డీహెచ్‌సీపీ సర్వరుతో బడియంతటికి చిరునామాలు పంచసాగెను. ఫోనులో వైఫై గుర్తు కనబడినది గనుక పని ముగిసినదని మేము తృప్తితో నింటికి పోతిమి. ఆ బాలుని నల్లని తెరకును ఈ చిక్కునకును నేమియు సంబంధము లేదు. ముందుదినమున వాడు వ్రాసిన యాజ్ఞ పింగు మాత్రమేనని తరువాత తెలిసికొంటిమి. మేము నేర్పినదానినే యభ్యసించుచుండెను.

రౌటరును తీసివేసినంతమాత్రమున యంత్రములు బాగుపడలేదు. ఎందుకన, అవి తప్పు చిరునామాలను కౌలు గడువువరకు పట్టుకొనియే యుండును. "ఎన్ఎంసీఎల్ఐ డివైస్ డిస్కనెక్ట్" అనియు, "ఎన్ఎంసీఎల్ఐ డివైస్ కనెక్ట్" అనియు ద్వారపు పేరుతో వ్రాయగా ప్రతి యంత్రమును క్రొత్తగా నడిగి సరియైన చిరునామా తెచ్చుకొనెను. నాలుగు గంటలకు 12 యంత్రములును పనిచేసినవి. కడపటి దినము గనుక వెలుపలి సర్వరు మిక్కిలి నెమ్మదిగా నుండెను. రాత్రి తొమ్మిది గంటలకు 13 దరఖాస్తులు పూర్తియైనవి.

పదునాల్గవది యా బాలునిది. వానిని బోర్డింగునుండి పిలిపించి, మిగిలిన పిల్లలు చూచుచుండగనే, "తప్పు నాది. నీవేమియు చేయలేదు. నిన్ను నిష్కారణముగా నంటిని" అని చెప్పితిమి. వాడు తలవంచుకొని, "ఫరవాలేదండి మాస్టారూ" అనెను. దరఖాస్తు ముగించి లేచునపుడు మాత్రము, "అయితే మాస్టారూ, మొదట నేమి చూడవలెనండి?" అని యడిగెను. ఈ వ్యాస మా ప్రశ్నకు జవాబు.

5. గుర్తుంచుకొనవలసిన మాటలు

విద్యార్థులారా, చిరునామా రాలేదని తోచినపు డీ క్రమమును తప్పవలదు. తీగను చూడుడు. చిరునామాను చూడుడు. యంత్ర మడుగుచున్నదా, జవాబు వచ్చుచున్నదా, జవాబు చెప్పినవారెవరు, అదే చిరునామా మరియొకరికి కలదా యని విచారింపుడు. గేట్‌వేను, ఆ పిమ్మట పేరులను పరీక్షింపుడు. చూచినదానినెల్ల కాగితముమీద వ్రాయుడు. ఒక యంత్రమును మాత్రమే చూచిన కనబడని దోషము, పది యంత్రముల సంఖ్యలను ప్రక్కప్రక్కన వ్రాసిన కనబడును. మరియు నొకసారి కొకటియే మార్చుడు; రెండు మార్చినచో నేది మందో తెలియదు. ఇతరుల నెట్‌వర్కులలో ననుమతి లేక యీ పరీక్షలు చేయవలదు.

బడులలో యంత్రములు చూచుకొను తోడి యుపాధ్యాయులకు నొక మనవి. ఇంటినుండి తెచ్చిన రౌటరును బడి తీగకు తగిలించునపుడు దానిలోని డీహెచ్‌సీపీని ముందుగా నాపివేయవలెను. నమ్మకములేని ద్వారములనుండి వచ్చు ఆఫర్లను ఆపివేయు డీహెచ్‌సీపీ స్నూపింగ్ అను కట్టుబాటు కొన్ని స్విచ్చిలలో కలదు, ఉన్నచో నుపయోగింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ తీగ నెవరు, ఎప్పుడు తగిలించిరో వ్రాయుటకు కంప్యూటరు గదిలో నొక పుస్తకముంచవలెను. మా గదిలో నిప్పు డట్టి పుస్తకమున్నది. అందు మొదటి పుటలో, మొదటి వరుసలో మా రౌటరు సంగతినే మా చేతితో వ్రాసి సంతకము చేసితిమి. ఆ పుస్తకమును చూచుకొను పనిని ఆ బాలునికే యప్పగించితిమి.